జనుము పూసిన రోజు

అనగనగా ఒక అడవిలో నేల రెండు రకాలుగా ఉండేది, పిల్లలూ. పడమట ఒక వాగు పారేది. ఆ వాగు పక్కన నేల నల్లగా, మెత్తగా, ఎప్పుడూ కొంచెం తడిగా ఉండేది. తూర్పున సముద్రం ఉండేది. ఆ వైపు నేలంతా ఇసుక. తెల్లని పొడి ఇసుక. గాలి ఎటు తోస్తే అటు పోయే ఇసుక. మొగలి పొదలూ జీడిమామిడి చెట్లూ తప్ప అక్కడ మరేదీ గట్టిగా నిలబడేది కాదు.

ఆ ఇసుక దిబ్బ మీదనే కుందేళ్ళు కాపురముండేవి. అక్కడెందుకు అని మీరు అడగవచ్చు. ఇసుకలో బొరియ తవ్వడం సులువు. వాగు పొంగినా నీరు అంత ఎత్తుకు రాదు. ఉండడానికి అది మంచి చోటే. కానీ ఇల్లు ఒక చోట, తిండి మరొక చోట. తినే గడ్డి వాగు ఒడ్డున ఉంది. దిబ్బకూ వాగుకూ నడుమ ఒక రాళ్ళ గుట్ట ఉంది. ఆ గుట్టలో నక్క ఉంది.

పెద్ద కుందేళ్ళు ఆ గుట్టను ఒక్క పరుగులో దాటేవి. పిల్లలకు అంత ఊపిరి చాలేది కాదు.

ఆ దిబ్బ మీద దూదయ్య అనే కుందేలు, అతని భార్య గవ్వమ్మ ఉండేవారు. వారికి ముగ్గురు పిల్లలు. మాఘమాసంలో ఒక పొద్దున పెద్దవాడు గడ్డికి వెళ్ళి తిరిగి రాలేదు. పది రోజులకు రెండోవాడూ రాలేదు. ఇక చినుకు అనే ఆడపిల్ల ఒక్కతే మిగిలింది.

రెండోవాడు రాని రోజున గవ్వమ్మ ఏడవలేదు. బొరియ వాకిట్లో కూర్చుని, చాలాసేపు ఇసుకను కాలితో గీరింది. తరువాత తలెత్తి ఇలా అంది.

"ఈ పిల్లను కూడా ఆ దారిన నడిపిస్తే నేను తల్లినే కాను. తిండి దగ్గరికి పిల్ల వెళ్ళడం ఇక వద్దు. తిండే పిల్ల దగ్గరికి రావాలి. ఈ వాకిట్లో పెరడు వెయ్యి."

"ఇసుకలోనా?" అన్నాడు దూదయ్య.

"ఇసుకలోనే. మనకు మరెక్కడుంది నేల?"

దూదయ్య వాగు ఒడ్డు నుంచి తోటకూర గింజలు తెచ్చాడు. బొరియ ముందు ఇసుకను గీరి చల్లాడు. దిబ్బకు దక్షిణాన ఒక చిన్న కుంట ఉంది. దాని చుట్టూ నోరు కోసే తుంగ తప్ప ఏమీ మొలవదు గాని, అందులో నీరు ఉంటుంది. ఆల్చిప్పతో ఆ నీరు మోసుకొచ్చి పోశాడు. పోసిన నీరు పోసినట్టే కిందికి దిగిపోయేది. మళ్ళీ పోసేవాడు. మళ్ళీ దిగిపోయేది.

గవ్వమ్మ తమ్ముడు బొంతయ్య అటుగా వెళ్తూ నిలబడి చూశాడు.

"ఏం బావా, ఇసుకకు నీళ్ళు పోస్తున్నావా? పక్కన సముద్రం ఉంది కదా, అది చాల్లేదా దీనికి?" అన్నాడు.

గింజలు మొలిచాయి. రెండేసి ఆకులు విప్పాయి. మూడో రోజు మిట్టమధ్యాహ్నానికి తలలు వాల్చి, సాయంత్రానికి దారప్పోగుల్లా ఎండిపోయాయి.

అప్పుడు దూదయ్య రాగవ్వ దగ్గరికి వెళ్ళాడు. రాగవ్వ మొగలి పొద కింద ఉండే ముసలి తాబేలు. ఆమె డిప్ప మీద పసుపుపచ్చని చుక్కలుండేవి. ఆమె వయసు ఎవరికీ తెలియదు. దిబ్బ ఇంత ఎత్తు లేని రోజులు కూడా తనకు జ్ఞాపకమున్నాయని ఆమె చెప్పేది.

"అవ్వా, నా పెరడు బతకడం లేదు," అన్నాడు దూదయ్య.

"నీ పెరడు ఇంకా పుట్టనే లేదు నాయనా. పుట్టనిది ఎలా బతుకుతుంది?" అంది రాగవ్వ. "గుప్పెడు ఇసుక తడిపి ముద్ద చెయ్యి."

దూదయ్య ఇసుకను తడిపి రెండు కాళ్ళ మధ్య నొక్కాడు. కాలు తీయగానే అది రాలిపోయింది.

"నీ గోళ్ళ సందున వాగు మట్టి ఉంది. దాన్ని తీసి నొక్కు."

అది చిన్న గోళీలా నిలబడింది. కింద వేసినా చెదరలేదు.

"చూశావా? ఆ మట్టికి కడుపు ఉంది. పోసింది దాచుకుంటుంది, మొక్క అడిగినప్పుడు ఇస్తుంది. ఇసుకకు దాహమే గాని కడుపు లేదు. ముందు దానికి కడుపు కట్టు. ఆ తరువాత గింజ వెయ్యి."

"ఎలా కట్టాలి అవ్వా?"

"మూడు పెట్టాలి. మొదట మట్టి. ఎండల్లో కుంట ఎండుతుంది. దాని అడుగున పేరుకున్న నల్లటి మట్టి తెచ్చి ఇసుకలో కలుపు. రెండోది, మురిగినది. చెట్ల కింద మాగిన ఆకూ, జింకల పెంటికలూ తెచ్చి కలుపు. మూడోది, పచ్చిది. తొలకరికి జనుము చల్లు. మోకాలు దాటి ఎదుగుతుంది. మొదటి పువ్వు విచ్చిన రోజున దాన్ని పడదొక్కి, అలాగే పచ్చిగా ఇసుకలో కప్పెయ్యి. అది లోపల మురిగితేనే నేల నేలవుతుంది. ఆ పైన నువ్వేం వేసినా పండుతుంది."

"అంతేనా?"

"పెట్టినదాన్ని లోపలికి తీసుకెళ్ళి కలిపేవాళ్ళు కూడా కావాలి. వానపాములు. వాళ్ళను నువ్వు పట్టి తెస్తే చస్తారు. అడిగి తెచ్చుకుంటే ఉంటారు." అంది రాగవ్వ. "ఈ మూడింటిలో కష్టమైనది మూడోది."

దూదయ్య నవ్వాడు. "జనుము చల్లడంలో కష్టమేముంది అవ్వా? మట్టి మొయ్యడం కష్టం గాని."

"పూసిన రోజున వచ్చి చెప్పు," అంది రాగవ్వ.

వైశాఖంలో కుంట ఎండింది. అడుగున మట్టి పెళ్ళలు పెళ్ళలుగా పగిలింది. దూదయ్య, గవ్వమ్మ ఒక ఎండు తాటిమట్టకు తీగ కట్టి, దాని మీద ఆ పెళ్ళలు పేర్చి, దిబ్బ మీదికి ఈడ్చుకొచ్చారు. పొద్దున మొదలుపెడితే ఎండ ముదిరేలోగా రెండు సార్లు తేగలిగేవారు. ఇసుక కాలేది. వారి అరికాళ్ళు పగిలి నెత్తురు వచ్చేది. తిరిగి కుంటకు దిగేటప్పుడు మాత్రం మట్ట ఖాళీగా ఉండేది. అప్పుడు చినుకు దాని మీద ఎక్కి కూర్చుని, దిబ్బ వాలు మీద జర్రున జారేది.

"నాన్నా, ఇంకొక్కసారి! ఇంకొక్కసారి!" అని అరిచేది.

మాఘమాసం తరువాత ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదటిసారి.

మట్టి పెట్టడం అయింది. తరువాత జీడిమామిడి చెట్ల కింద మాగిన ఆకు తెచ్చారు. జింకలు పడుకునే చోటి నుంచి పెంటికలు ఏరుకొచ్చారు. అన్నీ ఇసుకలో కలిపారు. ఈ పనంతా చేస్తూనే దూదయ్య రోజూ గుట్ట దాటి వెళ్ళి, పిల్లకు సరిపడా గడ్డి నోట కరుచుకుని తెచ్చేవాడు.

మృగశిర వానలు పడ్డాయి. నేల తడిసిన మరునాడు దూదయ్య వాగు ఒడ్డుకు వెళ్ళి, నల్లమట్టి మీద చెవి ఆనించి పిలిచాడు. మట్టి కదిలింది. సన్నయ్య అనే వానపాము తల బయట పెట్టాడు. ఆ ఒడ్డున వానపాములన్నిటిలో ధైర్యం గలవాడు అతనే.

దూదయ్య తన సంగతి చెప్పాడు. ఇద్దరు పిల్లలు పోయిన సంగతి చెప్పాడు. మూడో పిల్ల సంగతి చెప్పాడు.

సన్నయ్య అంతా విన్నాడు. "ఇసుకలోకి రమ్మంటున్నావు పెద్దాయనా. ఇసుక మాకు ఒళ్ళు గీసుకుపోయే చోటు. తడి ఆరిందంటే అక్కడి నుంచి ఇంటికి రావడం మా వల్ల అయ్యే పని కాదు. నీకు ఒక్క పరుగు. మాకు అది ఒక బతుకంత దారి."

"మురిగిన ఆకు పెట్టాను. శ్రావణం దాకా మీకు అది తిండి. శ్రావణంలో జనుము పూస్తుంది. పూసిన రోజునే పడదొక్కి కప్పుతాను. ఏడాది పొడుగునా మీకు తిండీ ఉంటుంది, చల్లదనమూ ఉంటుంది. అందులో ఒక్క ఆకు కూడా నేను నోట పెట్టను. మా ఇంట్లో ఎవరూ పెట్టరు."

"మాకు కళ్ళు లేవు," అన్నాడు సన్నయ్య. "నీ ముఖం చూసి నమ్మలేం. మాటను బట్టే నమ్మాలి."

"నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు దూదయ్య.

సన్నయ్య లోపలికి వెళ్ళి తనవాళ్ళతో మాట్లాడాడు. చాలామంది వద్దన్నారు. కొందరు సరే అన్నారు. ఒక ముసలి వానపాము, సన్నయ్యకు పెద్దమ్మ వరస, "చేరాక కబురు పంపరా," అంది. దూదయ్య వాళ్ళను తడిమట్టితో సహా మోదుగాకుల్లో పొదిగి, వాన తుంపర పడుతుండగా తాటిమట్ట మీద దిబ్బకు చేర్చాడు.

జనుము చల్లాడు. మూడో రోజుకే మొలిచింది.

ఆ వానాకాలం ఆ వాకిట్లో జరిగినది మామూలు సంగతి కాదు. పైన జనుము ఎదిగింది. కింద సన్నయ్య జనం ఆకునూ మట్టినీ ఇసుకలోకి లాగుతూ, ఊళ్ళో సందుల్లా దారులు వేస్తూ వెళ్ళారు. దూదయ్య చెవి నేలకు ఆనిస్తే సన్నటి సరసర వినబడేది. ఒకనాడు అతను గుప్పెడు నేల తీసి నొక్కి చూశాడు. ముద్ద నిలిచింది. చినుకు ముక్కుతో తాకగానే విరిగింది. కానీ నిలిచింది.

"సగం కడుపు వచ్చింది," అన్నాడు దూదయ్య.

శ్రావణంలో ఒక ఉదయం చినుకు పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, పసుప్పచ్చగా ఒక పువ్వు!"

దూదయ్య బయటికి వచ్చి చూశాడు. తెల్లని దిబ్బ మీద ఆ ఒక్క చోటే పచ్చగా ఉంది. గాలికి ఆకులు ఒకదాని మీద ఒకటి వాలుతున్నాయి. పైన ఒక్క పువ్వు.

"పూసింది," అంది గవ్వమ్మ.

"పూసింది," అన్నాడు దూదయ్య.

ఇద్దరూ నిలబడ్డారు. ఎవరూ కాలు ముందుకు వేయలేదు.

ఇక్కడ మనం కొంచెం ఆగాలి, పిల్లలూ. దూదయ్య చెడ్డవాడు కాడు. నాలుగు నెలలు అరికాళ్ళు పగిలేలా పని చేసినవాడు. రోజూ ప్రాణం చేత్తో పట్టుకుని గుట్ట దాటినవాడు. అతనికి ఆకలిగా ఉంది. చచ్చేంత ఆకలి కాదు. అలసటతో కలిసిన ఆకలి. తన చేతులతో పెంచిన పచ్చదనం మొదటిసారి కళ్ళెదుట ఉంది. దాన్ని తన కాళ్ళతోనే తొక్కాలి. రాగవ్వ చెప్పిన కష్టం ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. తెలిసినప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పవలసింది. అతను వెళ్ళలేదు.

"నాన్నా, ఒక్క కొస తిననా?" అంది చినుకు.

"ఒక్క కొసే కదా," అన్నాడు దూదయ్య. "రేపు తొక్కుదాం."

చినుకు ఒక కొస తింది. అది లేతగా, తియ్యగా ఉంది. ఇంకొకటి తింది. దూదయ్య కూడా ఒకటి తిన్నాడు.

కింద నుంచి సన్నయ్య గొంతు వినబడింది. "పెద్దాయనా! పైన చప్పుడవుతోంది. తొక్కిన చప్పుడు కాదే! కొరికిన చప్పుడులా ఉంది."

దూదయ్య నోట్లోది గబగబా మింగాడు. "కలుపు పీకుతున్నాను సన్నయ్యా," అన్నాడు.

"అలాగా. మంచిది," అన్నాడు సన్నయ్య.

రెండో రోజు బొంతయ్య తన పిల్లలతో వచ్చాడు. దిబ్బ మీది కుందేళ్ళు మరికొన్ని వచ్చాయి. ఇసుకలో పచ్చదనం అనే మాట అప్పటికే అంతటా పాకింది.

"మా బావను చూసి నేను నవ్వాను. తప్పయింది," అన్నాడు బొంతయ్య. "ఇంతకీ దీన్ని పూడ్చేస్తావట, నిజమేనా?"

"రాగవ్వ చెప్పింది," అన్నాడు దూదయ్య.

"ఆమె ఏడాదికి నాలుగు ఆకులు తిని బతుకుతుంది. ఆమెకేం తెలుసు ఆకలి సంగతి? చేతికొచ్చిన పంటను పాతిపెట్టే మగవాణ్ణి నిన్నే చూస్తున్నాను బావా! పురుగులకు విందు చేస్తావు గాని మేనల్లుళ్ళకు ఒక ఆకు పెట్టవా?"

అందరూ నవ్వారు. దూదయ్యకు సిగ్గు వేసింది. సిగ్గు కింద కొంచెం గర్వం కూడా ఉంది. ఇన్నాళ్ళూ అతని వాకిట్లోకి ఎవరూ తిండికి రాలేదు.

"తినండి," అన్నాడు. "వేళ్ళు ఉంటాయి కదా, మళ్ళీ చిగురిస్తుంది."

అందరూ తిన్నారు. గవ్వమ్మ తినలేదు. తినలేదు గాని, వద్దని కూడా అనలేదు. ఆ తరువాత జీవితమంతా ఆమె తలచుకున్నది ఆ మౌనాన్నే.

"పెద్దాయనా!" అన్నాడు కింద నుంచి సన్నయ్య. "పెట్టిన ఆకు అయిపోవచ్చింది. పైన చాలా నోళ్ళు వినబడుతున్నాయి."

"కొసలు తుంచుతున్నాం. తుంచితే గుబురుగా వస్తుంది. అప్పుడు మీకే ఎక్కువ," అన్నాడు దూదయ్య.

సన్నయ్య ఈసారి మంచిది అనలేదు.

మూడో రోజున మోళ్ళు మాత్రమే మిగిలాయి. వాటిని చూస్తే దూదయ్యకు తను ఆడిన మాటే కనబడింది. వాటిని చూడలేక, కూర్చుని ఒక్కొక్కటీ కొరికి, అవి కూడా తినేశాడు. చివరి మోడు పీకేటప్పుడు కింద నుంచి మూడోసారి పిలుపు వచ్చింది.

"పెద్దాయనా!"

దూదయ్య పలకలేదు.

భాద్రపదంలో వాన ముఖం చాటేసింది. ఇరవై రోజులు ఒక్క మబ్బు రాలేదు. నేల మీద కప్పు లేదు. నేల లోపల పచ్చి లేదు. తడి ఆరింది. తడి ఆరిన నల్లటి మట్టి పొడిగా మారితే, సముద్రపు గాలి దాన్ని గుప్పెళ్ళతో ఎత్తినట్టు ఎత్తుకుపోయింది. వైశాఖమంతా మోసిన మట్టి అది.

ఒక మధ్యాహ్నం వానపాములు పైకి వచ్చాయి. లోపల ఉండలేక వచ్చాయి. పడమట ఎక్కడో వాగు ఉందని వాటికి తెలుసు. అటే పాకడం మొదలుపెట్టాయి. ఇసుక పెనంలా కాలుతోంది. కొన్ని జానెడు దూరం పోయాయి. కొన్ని మూరెడు పోయాయి. చీమలు బారులు తీరి వచ్చాయి.

దూదయ్య ఆల్చిప్పతో కుంట నీళ్ళు తెచ్చి పోశాడు. పరుగెత్తి మళ్ళీ తెచ్చాడు. పోసిన నీరు పోసినట్టే దిగిపోయింది.

సన్నయ్య అందరికంటే ముందు ఉన్నాడు. అతని ఒళ్ళంతా ఇసుక అంటుకుని ఉంది. దూదయ్య వంగి, "సన్నయ్యా, నేను," అన్నాడు.

"నువ్వేనా?" అన్నాడు సన్నయ్య. అతని మాటలో కోపం లేదు. "కళ్ళు ఉండి ఉంటే మొదటి రోజే చూసేవాళ్ళం."

తరువాత అతను కదలలేదు.

దూదయ్య ఆ ఇసుకలోనే తోటకూర గింజలు చల్లాడు. ఏమో, మొలుస్తుందేమో అనుకున్నాడు. మొలిచాయి. రెండేసి ఆకులు విప్పాయి. మూడో రోజుకు ఎండిపోయాయి. మొదటిసారి ఎలాగో అలాగే.

మళ్ళీ గుట్ట దారే మిగిలింది. దూదయ్య ఒక్కడే వెళ్ళేవాడు. ఆశ్వయుజంలో ఒకనాడు నక్కకు దొరకబోయి, రాళ్ళ మీద నుంచి దూకి, వెనక కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎలాగో ఈడ్చుకుంటూ బొరియకు చేరాడు. గవ్వమ్మ అతని పక్కనే ఉండి, మొగలి వేరు నమిలి పట్టు వేసింది. తిండి లేక మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు పొద్దున చినుకు కనబడలేదు.

"బొంతయ్య మామ ఇంటికి వెళ్ళి ఉంటుంది," అన్నాడు దూదయ్య.

గవ్వమ్మ బయటికి పరుగెత్తింది. ఆమె బొంతయ్య ఇంటి వైపు వెళ్ళలేదు. గుట్ట వైపు వెళ్ళింది.

చాలాసేపటికి తిరిగి వచ్చింది. ఆమె నోట ఒక గరిక కట్ట ఉంది. పచ్చి గరిక. చిన్న నోటితో కొరికి, చక్కగా ఒక పక్కకు వేళ్ళు, ఒక పక్కకు కొసలు సర్దిన కట్ట. దారిలో, ఇటు వైపు తిరిగి వచ్చే దారిలో, గుట్ట దాటిన తరువాత పడి ఉందట.

"నీ కోసం తెచ్చింది," అంది గవ్వమ్మ. ఆ కట్టను దూదయ్య ముందు పెట్టింది.

నక్కను నేను తిట్టను, పిల్లలూ. నక్క ఎప్పుడూ అక్కడే ఉంది. అది ఉన్నదనే కదా పెరడు వేయాలనుకున్నారు.

కాలు కూడుకోవడానికి చలికాలమంతా పట్టింది. బొంతయ్య రోజూ గడ్డి తెచ్చి పెట్టేవాడు. కాలు కూడుకున్నా వంకరగానే కూడుకుంది. వైశాఖంలో కుంట ఎండిన రోజున దూదయ్య కుంటుతూ రాగవ్వ దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, మళ్ళీ మూడూ పెట్టాలా?"

"మళ్ళీ మూడూ పెట్టాలి," అంది రాగవ్వ. అతని కాలు వైపు చూసింది. "ఎవరి కోసం నాయనా?"

"దిబ్బ మీద ఇంకా పిల్లలున్నారు," అన్నాడు దూదయ్య.

తాటిమట్టకు తీగ కట్టారు. ఈసారి ముగ్గురు లాగారు. బొంతయ్య అడగకుండానే వచ్చి తీగ పట్టుకున్నాడు. ఖాళీ మట్ట దిబ్బ దిగేటప్పుడు దాని మీద ఎవరూ కూర్చోలేదు.

మృగశిర వాన పడ్డాక దూదయ్య, నక్క ఎండకు లోపలికి పోయే వేళ చూసుకుని, వాగు ఒడ్డుకు వెళ్ళాడు. మట్టి మీద చెవి ఆనించి పిలిచాడు. సన్నయ్య పెద్దమ్మ తల బయట పెట్టింది.

"నువ్వా బాబూ!" అంది సంతోషంగా. "ఏడాది అయింది, ఒక్క కబురు లేదు. మా సన్నయ్య ఎలా ఉన్నాడు? అక్కడ బాగా కుదిరాడా?"

దూదయ్య అంతా చెప్పాడు. కలుపు అని ఆడిన అబద్ధం సంగతి చెప్పాడు. కొసలు అని ఆడిన అబద్ధం సంగతి చెప్పాడు. పలకకుండా ఉన్న మూడో పిలుపు కూడా చెప్పాడు. ఏదీ దాచుకోలేదు.

ముసలి వానపాము విన్నది. వాగు నీరు పారుతూ ఉంది.

"మేము రాము," అంది చివరికి.

"రమ్మని అడగడానికి రాలేదు అమ్మా. చెప్పడానికి వచ్చాను."

అతను లేచాడు. రెండు గెంతులు వేశాక ఆమె వెనక నుంచి పిలిచింది.

"మాట మాకు వద్దు. నువ్వు ముందు పూడ్చు. అది లోపల మురిగాక, గుప్పెడు నేల తెచ్చి నా నోటికి పెట్టు. రుచి చూసి చెప్తాను."

ఆ ఏడు కూడా జనుము మొలిచింది. శ్రావణంలో ఒక ఉదయం మొదటి పువ్వు విచ్చింది. ఈసారి పరుగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళు లేరు. గవ్వమ్మ చూసి, "పూసింది," అంది.

దూదయ్య వెంటనే అందులోకి నడిచాడు. వంకర కాలితో తొక్కాడు. కాడలు పటపట విరిగాయి. గవ్వమ్మ అవతలి కొస నుంచి తొక్కుకుంటూ వచ్చింది. బొంతయ్య పిల్లలు అంచున నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో చిన్నది అడిగింది.

"మామా, ఒక్క కొస తిననా?"

దూదయ్య కాలు ఆగింది. ఆ గొంతు అతనికి మరొక గొంతులా వినబడింది.

"వద్దమ్మా," అన్నాడు. "ఇది మనది కాదు. నేలది."

సాయంత్రానికి పచ్చ అంతా ఇసుక కిందికి పోయింది. దిబ్బ మళ్ళీ తెల్లగా, ఏమీ లేనట్టు కనబడింది. అది చూడడం కష్టంగా ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

నెల గడిచాక దూదయ్య పైఇసుక తోసి, గుప్పెడు నేల తీసి నొక్కాడు. ముద్ద కట్టింది. దాన్ని నోట కరుచుకుని గుట్ట వైపు పరుగు తీశాడు. కుంటికాలి పరుగు. రాళ్ళ మీద నక్క లేచింది. దూదయ్య ముద్దను వదలలేదు. పళ్ళు గట్టిగా బిగించలేదు, బిగిస్తే విరుగుతుందని. నక్క ఊపిరి తోక మీద తగిలింది. అతను వాగు ఒడ్డు తుప్పల్లోకి దూకి, ముసలి వానపాము ముందు ముద్దను పెట్టాడు. అది విరగలేదు.

ఆమె దాని చుట్టూ మెల్లగా తిరిగింది. నోటితో తాకింది. కొంచెం తిన్నది.

"దీనిలో జనుము ఉంది," అంది. మళ్ళీ కొంచెం తిన్నది. "వస్తాం."

ఆ ఏడు భాద్రపదం ఎండ కూడా గట్టిగానే కాసింది. కానీ ఆ వాకిట్లో నేల లోపల చల్లగా ఉంది. తోటకూర రెండు ఆకులు విప్పి, మూడోది విప్పి, నాలుగోది విప్పింది. ఆ తరువాత ఎవరూ ఆకులు లెక్కపెడుతూ కూర్చోలేదు. కార్తీకానికి దిబ్బ మీది పిల్లలందరూ పొద్దునే ఆ పెరట్లో మేసేవారు. ఆ మాఘంలో గుట్ట దారిన ఒక్క పిల్ల కూడా వెళ్ళలేదు.

గవ్వమ్మ ఆ పిల్లలకు ఆకులు తుంచి పెట్టేది. పెడుతూ పెడుతూ ఒక్కోసారి ఎక్కువైన ఒక ఆకును చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తోచక నిలబడిపోయేది.

దూదయ్య ఒక పక్కగా పడుకుని, చెవి నేలకు ఆనించి ఉండేవాడు. కింద సరసరమని సన్నటి చప్పుడు. ఎప్పుడైనా కింద నుంచి ఎవరైనా "పెద్దాయనా!" అని పిలిస్తే, రెండోసారి పిలవనిచ్చేవాడు కాదు. "ఉన్నాను," అని వెంటనే పలికేవాడు.

నీతి: నేలకు పెడతానని మాట ఇచ్చిన తిండిని మనమే తినేస్తే, ఆ నేల ఆకలి ఒకనాడు మన ఇంటికే వస్తుంది.